ఎడమ పక్క గొట్టం

కేశవ షెడ్డు గోడకున్న మేకు ముందర శ్రీరంగప్ప నిలబడిపోయాడు. పోయిన వారం మనం ఆయన్ని అక్కడే వదిలి వచ్చాం. మోపెడ్డు బ్రేకు వైరు తెగితే వేయించుకోడానికి వచ్చాడంతే. ధర్మవరంలో పట్టు నేసే మనిషి. భార్య తిమ్మక్క పోయి ఏడాది దాటింది. ఆమె తమ్ముడు రామదాసు బుల్లెట్టు వెనక కూచుని గోరంట్ల నుంచి వస్తూ, దారిలో పడి చచ్చిపోయింది. శనివారం ఒక్కపొద్దు ఉండింది, ఎండకు కళ్లు తిరిగి పడింది అని రామదాసు చెప్పాడు. ఊరంతా నమ్మింది. శ్రీరంగప్పా నమ్మాడు. ఇప్పుడు ఆ రామదాసుకే తన కూతురు సునందను ఇవ్వబోతున్నాడు. మేనమామ వరస. తిమ్మక్క కోరిక. వచ్చే ఆదివారం తాంబూలాలు.

మేకుకు వేలాడుతున్నది శారీ గార్డు. బండి వెనక పక్కకు తిరిగి కూచునే ఆడవాళ్ల చీర చక్రంలో పడకుండా ఎడమ పక్కన బిగించే ఇనుప కమ్మీల చట్రం. షెడ్డు గోడ మీద అట్లాంటివి ఇంకా ఉన్నాయి. కానీ దీని కమ్మీలకు పట్టు పోగులు చుట్టి ఉన్నాయి. మసి పట్టి, జిడ్డు పట్టి, అయినా రంగు పోలేదు. వంగపండు రంగు, చిలకాకుపచ్చ, కుంకుమ రంగు.

చీర కోసి దించాక మగ్గం మీద మిగిలిపోయే పోగులవి. తిమ్మక్క వాటిని పారేసేది కాదు. ఇనుము గీసుకుని చీరలు పాడవుతాయని తమ్ముడి బండి పక్కన పీట వేసుకుని ఒక్కో కమ్మీకీ ఓపిగ్గా చుట్టింది.

"బండికి జడేస్తాండావా?" అని ఆ రోజు ఎగతాళి చేశాడు శ్రీరంగప్ప.

"నీకేద్దామంటే నీ తల మీద యాడుండాది జుట్టు?" అంది ఆమె తలెత్తకుండానే.

ఆయనకు అప్పుడు నవ్వు రాలేదు. ఇప్పుడూ రాలేదు. చెయ్యి చాచి గార్డును మేకు మీంచి తీశాడు.

"కేశవా, ఇది యాడిది?"

మెకానిక్ కేశవ బుల్లెట్టు పక్కన గొంతుక్కూచుని ఉన్నాడు. అది రామదాసు బండే. పొద్దున తెచ్చి వదిలి, టీ తాగొస్తానని పోయాడు. బండికి కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ అప్పటికే విప్పి గోడకు ఆనించి ఉంది. గోనెపట్టా మీద రెండు పొట్టి గొట్టాలు పక్కపక్కన పడుకోబెట్టి ఉన్నాయి. బయట కొన్న సైలెన్సర్లు. కుడి పక్కకు ఒకటి, ఎడమ పక్కకు ఒకటి. తుడిచి తుడిచి మెరిపించారు.

"పాత సామానన్నా. ఆడ పడెయ్."

"పాతదని కనపడతానే ఉండాది. ఎవురిది?"

"వచ్చినోళ్లందరి పేర్లూ గుర్తు పెట్టుకుంటామా అన్నా?"

"నువ్వు పెట్టుకోబన్లేదు. మా ఆడామె గుర్తు చుట్టి పెట్టే పోయింది. చూడు."

కేశవ చూశాడు. చేతిలోని స్పానర్ను కింద పెట్టాడు. మళ్లీ తీసుకున్నాడు.

"ఈ బండిదే," అన్నాడు.

"ఎప్పుడు తీసినావు?"

"అదంతా ఇప్పుడెందుకన్నా? నీ వైరు వేసిస్తా, పోయిరా. ఇంట్లో శుభకార్యం పెట్టుకోని..."

"నా ఇంటి కార్యం నాకు తెలుసు. నేనడిగేది ఒకటే. ఆమె పడకముందు తీసినావా, పడినాక తీసినావా?"

రోడ్డు మీద బోరు బండి ఒకటి పోయింది. ఎక్కడో చేను కోసం ఇంకో బొక్క కొట్టడానికి పోతోంది. దాని దుమ్ము షెడ్డులోకి వచ్చి గొట్టాల మెరుపు మీద కూచుంది. కేశవ గుడ్డ తీసుకుని వాటిని తుడవబోయాడు.

"తుడిచేది ఆపి చెప్పప్పా."

"ముందే తీసినా," అన్నాడు కేశవ. "ఎడం పక్క ఈ గొట్టం రావాలంటే అది పోవాల. రెండూ పట్టవు."

శ్రీరంగప్ప అరవలేదు. ఆయన అరిచే మనిషి కాదు. మూలనున్న ప్లాస్టిక్ స్టూలు లాక్కుని బండికి ఎడమ పక్కన కూచున్నాడు. గార్డును ఒడిలో పెట్టుకున్నాడు.

"బిగించు."

"ఏది?"

"ఆ పని చేసేకే గదా కూచున్నావు? గొట్టం బిగించు. దాని మీద ఈ గార్డు బిగించు. రెండూ పట్టినాయనుకో, నీకు దండం పెట్టి లేచిపోతా."

"పట్టవని చెప్తాండా గదన్నా."

"చెప్పేది విని విని ఏడాది గడిపినా. ఇప్పుడు చూడాల."

కేశవ రోడ్డు వైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత పనిలో పడ్డాడు. ఇంజను ముందు పొగ బయటికొచ్చే చోట రెండు పాయలుగా చీలిన వంపు పైపు పెట్టి మర తిప్పాడు. ఒక పాయ కుడి పక్కకు పోయింది. రెండోది ఇంజను కింది నుంచి దూరి ఎడమ పక్కకు తేలింది. దాని కొసకు పొట్టి గొట్టం తొడిగాడు. క్లాంపు వేసి బిగించాడు. గొట్టం బరువుకు కిందికి వాలింది. దాన్ని పైకెత్తి పట్టుకుని, దాని పట్టీని వెనక చక్రం పక్కనున్న రంధ్రానికి తెచ్చి బోల్టు దూర్చాడు.

"అగో," అన్నాడు శ్రీరంగప్ప వైపు చూడకుండా. "గార్డు కింది కాలు పట్టాల్సింది ఈ రంధ్రంలోనే. ఉండేది ఒకటే రంధ్రం. ఇది పెడితే అది పట్టదు."

శ్రీరంగప్ప స్టూలు మీంచి వంగి గార్డును చక్రానికి ఆనించాడు. పైన సరిపోయింది. కింద గొట్టం అడ్డం వచ్చింది. అటు జరిపాడు, ఇటు జరిపాడు. ఇనుము ఇనుముకు తగిలి గీచుకుంది. ఆడవాళ్లు కాళ్లు పెట్టుకునే పలక కూడా ఆ గార్డుకే ఉంది. గార్డు పోతే అదీ పోయినట్టే.

"నేను చెప్పినా అన్నా," అన్నాడు కేశవ. ఇప్పుడు మాట వేగంగా వచ్చింది. "ఆడోళ్లను ఎక్కించుకోవద్దప్పా, గార్డు లేదు అని చెప్పినా. నా బండి ఎవురెక్కుతారు నా జతగాళ్లు తప్ప, అన్నాడు. దేవుని మీద ఒట్టు, చెప్పినా."

"వానికి చెప్పినావు. ఎక్కే ఆమెకు చెప్పినావా?"

కేశవ బిగించిన క్లాంపునే మళ్లీ బిగించబోయాడు.

"ఆమె పోయినాక మా ఇంటికొచ్చినావు. ఆవరణలో కూచున్నావు. నా పక్కనే కూచుని నా భుజం మీద చెయ్యేసినావు. అప్పుడు చెప్పినావా?"

"మీ ఇంట్లో మనిషే అన్నా ఆయప్ప. మీలో మీరు మాట్లాడుకుని ఉంటారనుకున్యా."

"ఇంకా ఏమేమి అనుకున్యావో అదీ చెప్పెయ్."

కేశవ చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు. అప్పుడు చెప్పాడు. ఆమెను పూడ్చిన మర్నాడే రామదాసు బండిని ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. వెనక చక్రం తిరగడం లేదు. చక్రం నడిమి డ్రమ్ముకంతా చీర చుట్టుకుని బిగిసిపోయి ఉంది. చేత్తో రాలేదు. రంపం బ్లేడుతో కోసి తీశాడు. తీసిన ముక్కలన్నీ రామదాసే పోగు చేసి, షెడ్డు వెనక పాత టైర్లు కాల్చే చోట వేసి కాల్చాడు. ఈ గొట్టాలు రెండూ విప్పించి ఇంటికి తీసుకుపోయాడు. గార్డు మాత్రం బిగించవద్దన్నాడు, చూడలేనన్నాడు.

"ఏం రంగు?" అన్నాడు శ్రీరంగప్ప.

"అన్నా..."

"చీర. ఏం రంగు?"

"నెమలికంఠం."

ఆ చీర నేసింది శ్రీరంగప్పే. కొంగులో ఒకచోట పోగు తప్పిందని షావుకారు తిప్పి పంపాడు. తప్పు పడిన చీర కాబట్టి తిమ్మక్కకు వచ్చింది. జీవితమంతా పట్టు మధ్య బతికిన మనిషి కట్టుకున్న పట్టుచీర అదొక్కటే. ఆసుపత్రి నుంచి మూటగా తిరిగొచ్చినప్పుడు దానికి కొంగు లేదు. తప్పు పోగు ఉన్న కొంగే లేదు. ఏమైందని అడిగాడు. నర్సమ్మలు కత్తిరించినారు బావా, అన్నాడు రామదాసు.

అప్పటి నుంచి శ్రీరంగప్ప ఆమె ఉపవాసాన్ని తిట్టాడు. ఆమె దేవుణ్ణి తిట్టాడు. గోడ మీది ఆంజనేయస్వామి పటాన్ని దించి అటక మీద పడేశాడు. శనివారం పూట సునంద తినకపోతే కంచం ముందుకు తోసి, తినేదాకా ఎదురుగా కూచున్నాడు. ఇప్పుడు పటం తెచ్చి మళ్లీ తగిలించాలని ఆయనకు అనిపించలేదు. చంపినవాళ్లలో ఒక పేరు తగ్గింది, అంతే. ఉన్న కోపమంతా ఒక్కడి వాటాకు వచ్చింది.

ఆ ఒక్కడు అప్పుడే వచ్చాడు.

రామదాసు ముప్పై లోపు మనిషి. తల్లి చిన్నప్పుడే పోతే అక్క చేతిలో పెరిగాడు. పుట్టపర్తిలో ఒక లాడ్జిలో పని. ఆదివారం తాంబూలాల పళ్లేలు మోసుకుని జతగాళ్లంతా బండ్ల మీద ఊరేగింపుగా వస్తారు. వాళ్ల ముందు తన బండి దడదడలాడాలి. అందుకే గొట్టాలు మళ్లీ బయటికి వచ్చాయి.

"ఏం బావా!" అన్నాడు గుమ్మం దగ్గర్నుంచే. "నీ మోపెడ్డుకు కూడా డబుల్ సైలెన్సర్ వేయిస్తాండావా? రాత్రిపూట మగ్గం చప్పుడుకు వాళ్లకూ వీళ్లకూ నిద్దర చెడగొట్టేది చాల్లేదా?"

శ్రీరంగప్ప పక్కకు తిరిగి కూచుని ఉన్నాడు. ఒడిలో ఉన్నది రామదాసుకు ఇంకా కనిపించలేదు.

"నీ బండే చూస్తాండా. బాగుండాది. ఎంత దూరం వినపడతాది?"

"ఈడ స్టార్ట్ చేస్తే గుత్తి స్టేషన్లో కుక్కలు లేస్తాయి బావా."

"మీ అక్కకు వినపడిందా?"

రామదాసు నవ్వు సగంలో ఆగింది. "అదేం మాట బావా?"

"ఏం లేదు. ఆదివారం నీకు పిల్లనిస్తాండా. ఇచ్చేముందు ఒక మాట అడుగుదామని. మీ అక్క చీర కొంగు ఏమైంది?"

"చెప్పినా గదా బావా. ఆసుపత్రిలో కత్తిరించినారు."

"ఎవురు?"

"నర్సమ్మలు. సూది వేసేకి అడ్డమొస్తాందని."

"కొంగు సూదికి అడ్డమొచ్చిందా?"

"ఆ టైములో నాకేం తెలుస్తాది బావా? నేను ఏడుస్తాండా."

శ్రీరంగప్ప కేశవ వైపు తిరిగాడు. "విన్యావు గదప్పా. నువ్వు ఇందాక చెప్పింది మళ్లొకసారి చెప్పు. ఆయప్ప ముందర."

కేశవ తలెత్తలేదు. "నన్ను ఇడిసిపెట్టన్నా," అన్నాడు.

ఆ మాట చాలు. రామదాసు చూపు కేశవ మీంచి బండి మీదికి, బండి మీంచి శ్రీరంగప్ప ఒడిలోకి వచ్చింది. రంగు పోగుల కమ్మీలు చూశాడు. రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు.

"కావాలని చేస్తానా బావా?" అన్నాడు. గొంతు చిన్నదైపోయింది. "మా యమ్మ లెక్క పెంచింది నన్ను. బస్సు పోయింది. ఆటో ఎక్కు అంటే, నీ బండి ఉండగా ఆటో ఎందుకురా అనింది. ఆమే అనింది."

"గార్డు లేదని చెప్పినావా?"

"ఆమె చూస్తానే ఎక్కింది."

"చూసేకి ఆమె మెకానిక్కా? గార్డు లేదక్కా, కొంగు దోపుకో అని చెప్పినావా?"

రామదాసు బండి వెనక చక్రం వైపు చూశాడు.

"కావాలని చేసినావని నేను అన్లేదు. నా భార్యను నువ్వు చంపినావని కూడా ఇంకా అన్లేదు. మట్టి వేసిన మర్నాడు, అంత ఏడుపులోనూ, చీర ముక్కలు ఏరి కాల్చేకి నీకు తెలివి ఉండింది. అది అడుగుతాండా. ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే సునందను ఇస్తావా నాకు?"

అన్నాక గాని ఆ మాట ఎట్లాంటిదో రామదాసుకు అర్థం కాలేదు. చేత్తో నోరు తుడుచుకున్నాడు.

"అదీ," అన్నాడు శ్రీరంగప్ప. "ఇన్ని రోజులకు నీ నోట్లోంచి నిజం ఒకటి వచ్చింది. బండి తియ్."

"యాడికి?"

"ఇంటికి. ఇదే మాట సునందకు చెప్పు. గార్డు తీసేసిందీ, కొంగు కాల్చిందీ నీ నోటితో చెప్పు. వాళ్లమ్మను పోగొట్టుకున్నది అది. విని, దానికి ఇష్టమైతే నిన్ను చేసుకుంటాది. నేను అక్షింతలు వేసి ఎటన్నా పోతా. ఇష్టం లేదంటే ఆదివారం నా వాకిట్లోకి రావద్దు."

"నేను ఆ పాపకు చెప్పలేను బావా."

"కాల్చినావు గదా. అది చేతనైనోనికి ఇది చేతకాదా? తియ్ బండి."

కేశవ అడ్డం రాబోయాడు. "అన్నా, ఆ గొట్టం వేడెక్కుతాది. కాలు పెట్టుకునేకి ఏమీ లేదు. నీ మోపెడ్డు ఉండాది గదా..."

"నా మోపెడ్డుకు బ్రేకు లేదు," అన్నాడు శ్రీరంగప్ప. "ఈయప్పకూ లేదు. రెండూ ఒకటే."

రామదాసు కిక్కు కొట్టాడు. మొదటిసారి పడలేదు. రెండోసారి బండి బద్దలైనట్టు మోగింది. షెడ్డు రేకులు వణికాయి. ఎదురు కొట్టు అరుగు మీద మల్లెపూలు కడుతున్న ముసలామె చెవులు మూసుకుని ఏదో తిట్టింది.

శ్రీరంగప్ప మగవాడు కూచున్నట్టు కూచోలేదు. ఎడమ పక్క నుంచి వచ్చి, పక్కకు తిరిగి, ఆడమనిషిలా కూచున్నాడు. గార్డు ఒడిలో. పంచె అంచు వదులుగా చక్రం పక్కన వేలాడుతోంది.

"బావా, పంచె ఎత్తి పట్టుకో."

"ఆ రోజు ఈ మాట అన్యావా?"

"బావా, నీకు దండం పెడతా. ఎత్తి పట్టుకో."

"పోనీ."

రామదాసు పోనిచ్చాడు. మనిషి నడిచేంత మెల్లగా. రైలు గేటు దాటారు. పట్టు అంగళ్ల వీధిలోకి తిరిగారు. జనం తిరిగి చూశారు. ఆడమనిషిలా కూచుని, ఒడిలో ఇనుము పెట్టుకుని పోతున్న శ్రీరంగప్పను చూసి ఎవడో ఈల వేశాడు. "ఏం శ్రీరంగప్పా, అల్లుడు ముందే ఊరేగిస్తాండాడా?" అని ఇంకొకడు. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు. ప్రతి గతుకు దగ్గరా రామదాసు వెనక్కి తిరిగి పంచె వైపు చూశాడు. మెడ మీద చెమట కారింది. తిరిగి చూసిన ప్రతిసారీ బండి అటూ ఇటూ ఊగింది.

"ముందుకు చూసి నడుపు. మీ అక్క ఎక్కినప్పుడు ఎన్నిసార్లు తిరిగి చూసినావో అన్నిసార్లే చూడు."

ఆ తర్వాత రామదాసు తిరిగి చూడలేదు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడో లేదో బండి మోతలో తెలియలేదు. తెలుసుకోవాలని శ్రీరంగప్ప అనుకోలేదు.

గొట్టం కాలింది. కాళ్లు ఆనించుకోడానికి పలక లేక ఆయన కుడి కాలు జారి గొట్టానికి తగిలింది. చెప్పు రబ్బరు కాలిన వాసన వచ్చింది. ఆయన కాలు తీశాడు. మళ్లీ జారింది. ఈసారి తీయలేదు. వేడి మడమకు ఎక్కేదాకా అట్లాగే ఉంచాడు. తిమ్మక్క కూడా ఇట్లాగే కాళ్లు పైకి లాక్కుని ఉంటుంది. కాళ్లు లాక్కుంటే మనిషి వెనక్కి వాలుతుంది. వాలితే కొంగు వెనక్కి జారుతుంది. ఇంక మిగిలింది ఆలోచించనవసరం లేకపోయింది.

వీధి మొదట్లోనే మగ్గం చప్పుడు వినిపించింది. సునంద నేస్తోంది. బండి మోత వీధిలోకి వచ్చేసరికి లోపల మగ్గం ఆగింది. రామదాసు వాకిలి ముందర బండి ఆపాడు. చెవుల్లో హోరు తగ్గడానికి కాసేపు పట్టింది.

శ్రీరంగప్ప కుంటుతూ దిగాడు. రామదాసును ముందు నడవమని సైగ చేశాడు. నడవలోంచి మగ్గం గది దాకా రామదాసు ముందు, ఆయన వెనక.

సునంద మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, గుమ్మానికి వీపు పెట్టి కూచుని ఉంది. తెగిన పోగు ఒకటి పట్టుకుని అతుకుతోంది. చూపు తిప్పితే పోగు దొరకదు. కాబట్టి తిరగలేదు.

"వచ్చినావా మామా?" అంది. "వీధి మొదట్లోనే వినపడింది. ఆదివారం దాకా ఆగలేకపోయినావా దాన్ని తగిలించేకి?"

రామదాసు ఏదో చెప్పబోయాడు. శ్రీరంగప్ప చెయ్యెత్తాడు. వద్దని.

"నాయన కూడా కేశవన్న షెడ్డుకే పోయినాడు, బ్రేకు వైరని. ఎదురు పడలేదు గదా?" సునంద పోగు కొసను పెదవుల మధ్య తడిపి మెలిపెట్టింది. "ఆ గార్డు ఇంకా మేకుకే ఉండాదా? అమ్మ దినాలప్పుడే చెప్పినా గదా మామా నీకు, కొంగు కాల్చినట్టే దాన్నీ యాడన్నా పారేయమని. నాయన ఒకసారి చూసినాడంటే..."

శ్రీరంగప్ప ముందుకొచ్చి, మగ్గం గుంత గట్టు మీద, కూతురి చేతికి అందేంత దగ్గర్లో శారీ గార్డును పెట్టాడు.

ఇనుము రాతికి తగిలిన చప్పుడుకు సునంద చేతిలో పోగు మళ్లీ తెగింది.